నాయన్నెవరడిగారు?

ఆ కాగితంలో మతం అని ఒక గడి వుంది. దాని కిందే భాష అని ఇంకో గడి. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి నాయన పేరు చూసి మొదటి దాంట్లో ముస్లిం అని రాసింది. తలెత్తకుండానే రెండో దాంట్లో ఉర్దూ అని రాసింది. నేను పక్కనే వున్నాను. వారం నుంచీ నిద్ర లేదు. దిద్దమ్మా అనడానికి నోరు రాలేదు. ఇప్పుడు తల్చుకుంటే తప్పు ఆ గడి దగ్గరే మొదలైందనిపిస్తుంది. అందులో ఆ అమ్మాయి వాటా ఎంతో నా వాటా కూడా అంతే.

మేం దూదేకులోళ్లం. సర్టిఫికెట్లో నూర్‌బాషా, బీసీ-బి. ఇంట్లో తెలుగే. నాయన్ని నాయనా అనే పిలుస్తాం, అబ్బా అనం. షేకులకీ సయ్యదులకీ మేం సగం తుర్కోళ్లం. ఊళ్లో మిగతావాళ్లకి మాత్రం నిండు తుర్కోళ్లమే. ఎక్కడ ఏ లెక్క అవసరమైతే అక్కడ ఆ లెక్కలో వేస్తారు. తాత విల్లు భుజానేసుకుని ఊరూరూ తిరిగి దూదేకాడు. నాయన పరుపులు కుట్టాడు. ఫోమ్ పరుపులొచ్చాక ఆ పనీ పోయింది, దిండ్లూ బొంతలూ మిగిలాయి. దబ్బనం పట్టీ పట్టీ ఆయన కుడిచేతి బొటనవేలు కాయ కాసి వుండేది. నాయనకి వచ్చిన ఉర్దూ అంతా కలిపితే నాలుగు సలాముల ఎత్తు వుంటుంది.

2023 ఫిబ్రవరిలో నాయనకి పక్షవాతం వొచ్చింది. కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయాయి. మెదడులో ఎడమవైపు దెబ్బ తగిలింది కాబట్టి మాట కూడా పోయింది. పెద్దాస్పత్రిలో ప్రాణం దక్కాక, నడక నేర్పడానికీ మాట నేర్పడానికీ రోగిని నెలా రెండు నెలలు వుంచుకునే రీహాబిలిటేషన్ సెంటర్లో చేర్చాం. ఆ గడులున్న కాగితం అక్కడిదే.

మాట పోయిందన్నాను గానీ పూర్తిగా పోలేదు. ఒక్క మాట మిగిలింది. వద్దొద్దు. ఆకలేస్తుందా నాయనా అంటే వద్దొద్దు. కాఫీ తాగుతావా అంటే వద్దొద్దు అంటూనే ఎడంచెయ్యి గ్లాసు కోసం చాపేవాడు. అమ్మ ఎదురుగా కూర్చుంటే ఆమె మొహం చూస్తూ ఎంతో ప్రేమగా వద్దొద్దు అనేవాడు. పక్షవాతంలో ఇలా ఒకే మాట మిగలడం కొందరికి జరుగుతుందనీ, లోపల అనుకునేది ఒకటైనా బయటికొచ్చే మాట అదొక్కటే అవుతుందనీ డాక్టర్లు చెప్పారు. సంతోషం కూడా ఆ మాటలోంచే రావాలి, కోపం కూడా ఆ మాటలోంచే రావాలి.

అక్కడ చేరిన మూడో వారంలో కిడ్నీ డాక్టరు వచ్చాడు. ఇరవై ఏళ్ల షుగరు, దానికి తోడు బీపీ. కిడ్నీలు ఎప్పట్నుంచో తగ్గుతూనే వున్నాయి, మేం మాత్ర వేసి మర్చిపోతున్నాం. ఇప్పుడు కిడ్నీల పనితనం నూటికి పన్నెండుకి దిగింది. ఇవాళ రేపూ డయాలసిస్ అక్కర్లేదు, కానీ కొన్ని నెలల్లో తప్పకపోవచ్చు, ఇప్పట్నుంచే సిద్ధం కావాలి అన్నాడాయన. సిద్ధం కాకుండా ఆఖరి నిమిషంలో ఆయాసంతో పరుగెత్తుకొస్తే మెడలో గొట్టం వేసి మొదలుపెట్టాల్సి వస్తుంది, దాంట్లోంచి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకే భయం ఎక్కువ అని కూడా చెప్పాడు.

సిద్ధం కావడమంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలీదు. చేతిలో ఒక ధమనినీ ఒక సిరనూ కలిపి కుట్టాలి. ఫిస్టులా అంటారు. 1966లో న్యూయార్కు డాక్టర్లు కనిపెట్టిన పద్ధతి, ఇప్పటికీ అంతకన్నా మంచిది రాలేదు. ధమనిలోని వేగం సిరలోకొచ్చి ఆ సిర ఉబ్బి గట్టిపడాలి. దానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. అప్పుడుగానీ దబ్బనం లాంటి రెండు సూదులు దిగవు. ఒక దాంట్లోంచి రక్తం మెషీన్లోకి పోవాలి, ఇంకో దాంట్లోంచి వెనక్కి రావాలి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఒక్క పూటకి మనిషి రక్తాన్ని కడగడానికి నూటిరవై లీటర్ల దాకా శుద్ధి చేసిన నీళ్లు ఖర్చవుతాయి. అదే మనిషిని మాత్రం రోజుకి లీటరు నీళ్లలోపే తాగమంటారు. హెపటైటిస్-బి టీకాలు వేయించాలి. ఉప్పు తగ్గాలి. పొటాషియం వుందని అరటిపండూ, టెంకాయ నీళ్లూ, ఖర్జూరమూ మానాలి. చూడ్డానికొచ్చిన ప్రతి చుట్టమూ తెచ్చేవి సరిగ్గా ఆ మూడే.

ఏ చేతికి వెయ్యాలన్నది పెద్ద చిక్కు. మామూలుగా పనిచేసే చేతిని వదిలేసి రెండో చేతికి వేస్తారు. నాయనకి కుడిచెయ్యి పనిచేసే చెయ్యి, ఇప్పుడది పడిపోయింది. ఎడంచెయ్యొక్కటే మిగిలింది. దానికి వేస్తే, సూదులు గుచ్చినంతసేపూ దాన్ని కదపకూడదు కాబట్టి నాలుగ్గంటలు రెండు చేతులూ లేనట్టే. ముక్కు దురద పెడితే గోక్కోలేడు. కుడిచేతికి వేద్దామంటే, కదలని చేతిలో సిర బాగా ఎదగకపోవచ్చు. సిర ఎదగడానికి బంతి పిసకమంటారు. పడిపోయిన చెయ్యి బంతి ఎలా పిసుకుతుంది? పైగా ఆ చేతి సిరలన్నీ అప్పటికే సగం పాడైపోయాయి. ఎందుకంటే, కదలదు గదా, సూది వూడిపోదు గదా అని సెలైన్లన్నీ దానికే ఎక్కించారు. బాధపెడితే లాక్కోలేని చేతికే అన్ని సూదులూ. ఈ ముక్క రాస్తుంటే నాకు ఆస్పత్రి ఒక్కటే గుర్తు రావడం లేదు, చదువుతున్న మీకూ రాకపోవచ్చు.

డాక్టరు మంచం పక్కన నిలబడి, కాగితంలో వున్న భాషలో, అంటే హిందీలో, డయాలసిస్ కరేంగే నా చాచా అని అడిగాడు. నాయన ఆయన మొహం చూశాడు, నా మొహం చూశాడు, వద్దొద్దు అన్నాడు.

ఆ వద్దొద్దు మీద మా ఇంట్లో నెలరోజులు పంచాయితీ నడిచింది. పెదనాయన, విన్నారు గదా, వాడే వద్దన్నాడు, వదిలెయ్యండి, ఈ వయసులో సూదులేంది అన్నాడు. ఆయన్ని కఠినుడనుకోకండి. డయాలసిస్ ఇచ్చే చోటు మా ఊరికి నలభై కిలోమీటర్లు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల వైద్యం ఖర్చు గట్టెక్కుతుంది. కానీ వారానికి మూడుసార్లు నడవలేని మనిషిని ఎత్తుకుని తీసుకెళ్లి తీసుకొచ్చే కూలి ఏ కార్డులో వుంది? అమ్మకి మోకాళ్ల నొప్పులు. నా పని ప్రైవేటు, సెలవు పెడితే జీతం కట్. పెదనాయన ఆ లెక్కంతా మనసులో వేసుకుని, దాన్ని తన నోటితో అనలేక, తమ్ముడి నోట్లోంచి వచ్చిన వద్దొద్దును అడ్డం పెట్టుకున్నాడు. నేనేం తక్కువ తినలేదు. అది జబ్బు మాట, నాయన మాట కాదు అని చెప్పి, రోగి తరఫున అన్న చోట సంతకం పెట్టేశాను. కొడుకు అన్న మాట కింద గీత కూడా గీశాను.

తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. ఫిజియోథెరపీ బల్ల మీదికి ఎక్కించేటప్పుడు కూడా నాయన వద్దొద్దు అనేవాడు. అప్పుడు పెదనాయన దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, ఏడ్చినా సరే కాలు వంచండి అనేవాడు. అదే మనిషి అదే మాట డయాలసిస్ దగ్గర అంటే అది ఆయన నిర్ణయమైపోయింది. నాకు దానికి తిరగలెక్క. మాకు పనికొచ్చినప్పుడు అది గొంతు, పనికిరానప్పుడు అది జబ్బు. ముస్లింగా ఈ దేశంలో పెరిగినవాడికి ఈ వరస కొత్తది కాదు. మనం అన్నదాంట్లో వాళ్లకి నచ్చింది సముదాయం గొంతు అవుతుంది, నచ్చనిది మతమౌఢ్యం అవుతుంది. మధ్యలో మన తరఫున మాట్లాడేవాళ్లకి మాత్రం కొదవ వుండదు. నేను ఇన్నాళ్లూ ఆ మాట్లాడేవాళ్ల మీద కోపంగా వున్నాను. ఇప్పుడు మా నాయనకి నేనే ఒక మాట్లాడేవాణ్ణయ్యాను.

ఒక మిత్రుడు వచ్చాడు. సెక్యులర్, మంచివాడు, మా మీద దాడి జరిగితే ముందు నిలబడే మనిషి. మెషీన్‌కి మతం లేదు భాయ్, అందరి రక్తాన్నీ ఒకేలా కడుగుతుంది, నువ్వు రాసే ఐడెంటిటీలన్నీ అక్కడ అబద్ధమైపోతాయి అన్నాడు. నిజమే. డయాలసిస్ గదిలో మనుషుల్ని వేరు చేసేది హెపటైటిస్-బి వైరస్ వుందా లేదా అన్నదొక్కటే. అది వున్నవాళ్లకి వేరే మెషీను. కానీ రక్తం ఒకటే అనే మాటతో నాకెప్పుడూ కడుపు నిండదు. మెషీన్‌కి మతం లేకపోవడం మెషీన్ గొప్ప కాదు, దానికి భాష కూడా లేదు. దానికి నాయన పేరు అక్కర్లేదు. మాకు కావాలి. మెషీన్ దాకా వెళ్లాలా వద్దా అన్నది మెషీన్ తేల్చే సంగతి కాదు.

ఆ మెషీన్ చరిత్రే చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో హాలెండు నాజీల కింద వున్నప్పుడు 1943లో కాంపెన్ అనే చిన్న వూళ్లో విలెం కోల్ఫ్ అనే డాక్టరు దాన్ని తయారుచేశాడు. మాంసపు సాసేజీలకి తొడిగే సెల్లోఫేన్ గొట్టాన్ని కొయ్య డ్రమ్ముకి చుట్టి అందులోంచి రక్తం పారించాడు. మొదటి రోగులు దాదాపు అందరూ చనిపోయారు. 1945లో, యుద్ధం అయిపోయాక, ఒక అరవయ్యేడేళ్ల స్త్రీ స్పృహలేని స్థితిలో వచ్చింది. నాజీలతో చేతులు కలిపినందుకు నిర్బంధంలో వున్న మనిషి. కోల్ఫ్ నాజీలంటే గిట్టనివాడు. అయినా ఆమెని మెషీన్‌కి కలిపాడు. ఆమె లేచి కూర్చుంది, ఆ తర్వాత ఏళ్లు బతికింది. డయాలసిస్ నిలబెట్టిన మొదటి ప్రాణం ఆ వూరివాళ్లకి శత్రువుది. ఈ కథ నాకు ఇష్టం.

రెండో కథ అంత ఇష్టం కాదు. 1960 తర్వాత అమెరికాలో సియాటిల్లో డయాలసిస్‌ని ఏళ్ల తరబడి ఇవ్వడం సాధ్యమైంది. మెషీన్లు కొన్నే, రోగులు ఎక్కువ. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ఏడుగురు మామూలు పౌరులతో ఒక కమిటీ వేశారు. పెళ్లయిందా, పిల్లలెందరు, సంపాదన ఎంత, చదువెంత, చర్చికి వెళ్తాడా అనేవి కూడా అక్కడ చర్చకొచ్చాయి. 1962 నవంబరులో లైఫ్ పత్రిక దీన్ని బయటపెడితే జనం నివ్వెరపోయారు. రోగి ముందు కూర్చుని నీకు బతకాలని వుందా, ఎలా బతకాలని వుంది అని అడగడం ఆ కమిటీ పని కాదు. అతను లేని గదిలో అతని విలువ కట్టడమే దాని పని. 1972లో ప్రభుత్వమే ఖర్చు భరించే చట్టం వచ్చాక అక్కడ ఆ కమిటీల అవసరం తీరింది. మన దగ్గర అలాంటి కమిటీ ఎప్పుడూ వెయ్యలేదు. మా ఇంటి వరండాలో పెదనాయనా నేనూ కూర్చుంటే చాలు, కమిటీ అయిపోయింది.

రంజాను మొదలైన వారంలో మౌల్వీసాబు చూడ్డానికొచ్చాడు. ఆయన కూడా నాయనతో ఉర్దూలోనే మాట్లాడాడు. ఇది మీకు చిన్న విషయంగా కనపడొచ్చు. నాయనకి జీవితమంతా అల్లా గురించిన మాటలు కూడా ఇంకొకళ్ల భాషలోనే అందాయి. మౌల్వీసాబు మంచం పక్కన కూర్చుని అల్‌హమ్దు చదవడం మొదలుపెట్టాడు. రెండో వాక్యానికి నాయన కలిశాడు. కాఫీ అని అనలేని మనిషి చివర ఆమీన్ దాకా చదివాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈమాన్ చెక్కుచెదరలేదు అన్నాడు మౌల్వీసాబు. మర్నాడు మాట నేర్పే అమ్మాయిని అడిగితే, చిన్నప్పట్నుంచీ వల్లె వేసినవి, లెక్కపెట్టడం, పాటలు, తిట్లు, ఇవి మెదడులో వేరే దారిన వస్తాయండీ, మాట వచ్చినట్టు కాదు అంది. ఇద్దరూ నిజమే చెప్పారనుకుంటాను. నాలుగు రోజుల తర్వాత ఆయా గట్టిగా తిప్పితే నాయన అచ్చ తెలుగులో ఒక తిట్టు తిట్టాడు. అది కూడా స్పష్టంగానే వచ్చింది. మౌల్వీసాబుకి ఆ సంగతి చెప్పలేదు.

మౌల్వీసాబు తీర్పు తేలిక. శరీరం మనది కాదు, అల్లా మన దగ్గర దాచిన అమానత్, కాపాడుకోవాల్సిందే. రోజా ఇప్పుడు లేదు, బాగయ్యే జబ్బు కాకపోతే బదులుగా పేదవాడికి అన్నం పెట్టండి. సూదులతో రక్తం కారితే వుజూ పోతుంది, మళ్లీ చేసుకోవాలి, కట్టు మీద తడిచేత్తో తుడిస్తే చాలు. అన్నిటికీ జవాబులున్నాయి. వైద్యం చేయించుకోండి అన్న హదీసు కూడా చెప్పాడు. నేను ఇంటికెళ్లి వున్న నాలుగు పుస్తకాలూ తిరగేశాను. పాత ఫిఖహ్ పండితుల్లో ఎక్కువమంది, ఫలితం ఖాయంగా తెలియని వైద్యం వద్దనుకున్నవాణ్ణి పాపి అనలేదు. మంచిది, చేయించుకోవచ్చు అన్నారేగానీ మెడ మీద కత్తి పెట్టలేదు. అమానత్ మాట నేను కాదనను. అయితే దాచిన సొమ్ముకి కాపలాదారు నాయన. నేనూ మౌల్వీసాబూ కాదు.

నాకు ఎక్కువ పట్టుకున్నది బుఖారీలోనూ ముస్లింలోనూ వున్న ఇంకో సంగతి. ఒక నల్లని స్త్రీ ప్రవక్త దగ్గరికొచ్చి, నాకు మూర్ఛలొస్తున్నాయి, ఆ సమయంలో ఒంటి మీద బట్ట తొలగిపోతుంది, నా కోసం దువా చెయ్యండి అంది. కావాలంటే ఓర్చుకో, నీకు స్వర్గం వుంది, లేదంటే నయం కావాలని దువా చేస్తాను అన్నాడాయన. ఆమె ఓర్చుకుంటాను అంది. కానీ బట్ట తొలగకుండా వుండేట్టు దువా చెయ్యండి అంది. ఆయన చేశాడు. దీన్ని ఓర్పుకి పాఠంగానే చెప్తారు. నాకు అందులో కనపడింది వేరు. ఆయన ఆమెని అడిగాడు. ఆమె రెంటిలో ఒకటి ఎంచుకుని వూరుకోలేదు, ఆయన ముందు పెట్టని మూడోది కూడా అడిగింది. జబ్బు వున్నా ఫర్వాలేదు, నా మానం పోకూడదు అంది. ఇక్కడ మా నాయన్ని రోజూ పొద్దున తలుపు తీసి పెట్టి గుడ్డలు మారుస్తున్నారు. అది మీకు సమ్మతమేనా అని ఏ ఫారంలోనూ గడి లేదు.

మాట నేర్పే ఆ అమ్మాయి దగ్గరికెళ్లి మొత్తం చెప్పాను. కాగితంలో భాష తప్పని కూడా అప్పుడే చెప్పాను. ఆమె పెన్ను తీసి ఉర్దూ కొట్టేసి తెలుగు అని రాసింది. అంతే, అర నిమిషం పని. తర్వాత, ఆయన ఔను కాదు నమ్మకూడదు సార్, బొమ్మలతో అడుగుదాం, ఒక్కరోజు అడిగి వూరుకోకూడదు, మూడు రోజులు అడగాలి, తిప్పి కూడా అడగాలి అంది. మంచం, మెషీను, సూదులున్న చెయ్యి, బస్సు, ఇల్లు, ఇంట్లో పడుకున్న మనిషి, ఆయాసపడుతున్న మనిషి, మసీదు, దబ్బనం, పరుపు అన్నీ కార్డుల మీద గీసింది. దబ్బనం నేను గీయించాను. ముందు తలుపేసింది. పెదనాయనా ఇటు చూడు అని తెలుగులో మొదలుపెట్టింది. నాయన మెడ తిప్పిన తీరు నాకిప్పటికీ గుర్తు.

మొదటిరోజు కార్డులన్నీ ఎడంచేత్తో తోసేశాడు. రెండోరోజు మెషీన్ కార్డు చాలాసేపు చూశాడు, వద్దొద్దు అన్నాడు, కానీ కార్డు చేతిలోంచి వదల్లేదు. మూడోరోజు దాన్ని తీసుకెళ్లి ఇల్లు బొమ్మ పక్కన పెట్టాడు. అమ్మాయి కార్డులు కలిపేసి తిప్పి అడిగింది. మళ్లీ ఇల్లు, మెషీను పక్కపక్కన. ఆయాసపడే మనిషిని మంచం కింద పారేశాడు. ఇంటికి పంపితే చేయించుకుంటావా పెదనాయనా అంటే వద్దొద్దు అంటూ తలూపాడు. రెండు చేతుల బొమ్మలు పెడితే ఎడంచేతిని తీసి తన కడుపు మీద పెట్టుకుని దాని మీద ఎడంచెయ్యి కప్పుకున్నాడు. అది నాది, ముట్టుకోవద్దు అన్నట్టు. ఎంతసేపు అడిగినా ఆ బొమ్మ ఇవ్వలేదు.

పెదనాయనకి ఇదంతా పిల్లలాటలా కనపడింది. నచ్చిన అర్థం తీసుకున్నావురా అన్నాడు నన్ను. తీసుకుని వుండొచ్చు. అందుకే నా పాత కాగితం చించేసి కొత్తది రాయించాం. మూడు నెలలు చేసి చూడాలి, ఆ తర్వాత మళ్లీ ఆయన్నే అడగాలి, ఆయన ఆపమంటే ఆపాలి. డాక్టరు ఒప్పుకున్నాడు. అలా గడువు పెట్టుకుని మొదలెట్టడం వాళ్లకి తెలిసిన పద్ధతేనట. దాని మీద నా సంతకం కింద నాయన ఎడంచేతి బొటనవేలి ముద్ర కూడా వుంది. చట్టానికి అది అక్కర్లేదన్నారు.

జూన్‌లో ఫిస్టులా కుడిచేతికే వేశారు. పైచేతిలో ఒక సిర మిగిలి వుంది, అదృష్టం. కట్టు విప్పాక అమ్మ పాత దూది తీసి చిన్న ఉండ కుట్టింది. కుడిచేతి వేళ్లు ఆ ఉండ చుట్టూ వేసి, ఎడంచేత్తో వాటిని నాయనే మూస్తాడు, తెరుస్తాడు. రోజుకి నాలుగుసార్లు. ఎదుగుతుందో లేదో చూడాలి అన్నాడు సర్జన్. కుట్టిన చోట వేలు పెడితే లోపల బుర్రుమని కదిలేది.

ఒక్క సంగతి మాత్రం ఆ మూడు రోజుల్లోనూ మేం అడగలేదు. కిడ్నీ మార్పిడి ఆయన వయసుకీ ఒంటికీ కుదరదన్నారు కాబట్టి, మొదలెట్టాక ఇది నయమై ఆగిపోయేది కాదు, బతికినన్నాళ్లూ ఇంతే. అది నాయనకి అర్థమైందో లేదో నాకు తెలీదు. బతికినన్నాళ్లూ అనేదాన్ని బొమ్మలో ఎలా గీయాలో ఆ అమ్మాయికి తోచలేదు. నాకూ తోచలేదు.